గుండెకు దారి

ఉద్దేశం

శాస్త్రజ్ఞుల జీవితాలు కేవలం విజయగాథలు కావు. వాటిలో సాహసం ఉంటుంది, అవమానం ఉంటుంది, ఒక్కొక్కచోట పొరపాటు కూడా ఉంటుంది. మానవ హృదయంలోనికి మొదటిసారిగా దారి వేసిన వెర్నర్ ఫోర్స్‌మన్ జీవితాన్ని, ఆ దారి వలన లోకానికి కలిగిన మేలును, ఆ మేలుతోపాటు మన మీద పడిన బాధ్యతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఉత్తరాంధ్రలో రొమ్ము బలం అనగానే పెద్దలకు గుర్తుకు వచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న వీరఘట్టంలో జన్మించి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడుగా పనిచేసి, పిమ్మట సర్కస్ సంస్థను నెలకొల్పిన మల్లయోధుడాయన. రొమ్ముపై ఏనుగును నిలుపుకొని, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంపి, చూపరులను ఆశ్చర్యంలో ముంచెత్తాడు. మనిషి రొమ్ము పైనుండి ఎంత బరువును మోయగలదో ఆయన లోకానికి చూపించాడు. ఆయన జీవించి ఉన్న కాలంలోనే, 1929లో, జర్మనీ దేశంలో ఒక యువ వైద్యుడు మరొక విధమైన సాహసం చేశాడు. అక్కడ ఏనుగు లేదు, గొలుసులు లేవు, చప్పట్లు కొట్టే జనం లేరు. చిటికెన వేలికంటె సన్నని ఒక రబ్బరు గొట్టం, ఒక అద్దం, ఒక ఎక్స్‌రే యంత్రం మాత్రమే ఉన్నాయి. ఆ యువకుడు రొమ్ము లోపలికి దారి వేశాడు. ఆ దారిని ఇతరుల శరీరం మీద కాక తన శరీరం మీదనే వేసుకొన్నాడు. అతడే వెర్నర్ ఫోర్స్‌మన్.

ఫోర్స్‌మన్ 1904 ఆగస్టు 29న బెర్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి జూలియస్ న్యాయవాది. మొదటి ప్రపంచ యుద్ధం ఆ కుటుంబాన్ని చీకటిలోనికి నెట్టింది. 1916లో తండ్రి యుద్ధరంగంలో మరణించేనాటికి బాలునికి పన్నెండేళ్ళు. తల్లి, అమ్మమ్మ అతనిని పెంచి పెద్దవానిని చేశారు. యుద్ధానంతరం జర్మనీలో డబ్బుకు విలువ పడిపోయి, మధ్యతరగతి కుటుంబాలు చితికిపోయిన రోజులవి. అటువంటి కాలంలోనే అతడు 1922లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. చదువు ముగిసిన తరువాత 1929లో శస్త్రచికిత్సలో శిక్షణ పొందడానికి బెర్లిన్‌కు సమీపంలోని ఎబర్స్‌వాల్డ అనే చిన్న పట్టణంలోని ఆసుపత్రిలో ప్రవేశించాడు.

ఆనాటి వైద్యలోకంలో గుండెకు ప్రత్యేకమైన స్థానం ఉండేది. కడుపు కోసి చూడడం, ఎముకలు సరిచేయడం వైద్యులకు అలవాటైంది కాని, బతికి ఉన్న మనిషి గుండెను తాకడానికి వారు జంకేవారు. తాకితే లయ తప్పి ఆగిపోతుందని భయం. గుండెను గురించి తెలుసుకొనడానికి వారికున్న మార్గాలు బయటివే. చెవి ఆనించి సవ్వడి వినడం, వేళ్ళతో తట్టి చూడడం, నాడి పట్టడం, విద్యుత్ గీతలను చదవడం. ఇంటి తలుపు తెరవకుండా గోడకు చెవి ఆనించి లోపలివారి కష్టసుఖాలు ఊహించినట్లుండేది ఆ పరిశీలన. రోగి గుండె ఆగిపోయే అత్యవసర సమయంలో పొడవైన సూదిని రొమ్ములో గుచ్చి గుండెలోనికి మందు ఎక్కించేవారు. ఆ సూది ఊపిరితిత్తినో, గుండె రక్తనాళాన్నో చీలిస్తే, కాపాడవలసిన చేయే ప్రాణాపాయం కలిగించేది.

దీనికంటె క్షేమకరమైన మార్గం లేదా అని ఫోర్స్‌మన్ ఆలోచించాడు. పంతొమ్మిదవ శతాబ్దంలో షోవో, మారే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గుర్రం మెడలోని సిర గుండా గొట్టం పంపి, దాని గుండెలోని పీడనాన్ని కొలిచారు. ఆ ప్రయోగాన్ని చూపే చిత్రం విద్యార్థి దశలోనే అతని మనసులో నాటుకొన్నది. గొట్టం గుండెను చేరినా గుర్రం నిలబడే ఉంది. గుర్రం విషయంలో సాధ్యమైనది మనిషి విషయంలో ఎందుకు సాధ్యం కాకూడదు? మెడకు బదులు మోచేతి మడత దగ్గరి సిరను ఎంచుకొంటే పని మరింత తేలిక కాదా? సిరలలోని రక్తమంతా చివరకు గుండెకే చేరుతుంది. వాగులన్నీ నాగావళినో, వంశధారనో చేరి సముద్రానికి పోయినట్లు, చేతి సిర భుజం సిరలో, అది మహాసిరలో, మహాసిర గుండె కుడి కర్ణికలో కలుస్తాయి. ప్రవాహం వెంట గొట్టాన్ని తోస్తే అది తానై గుండెను చేరాలి. ఇదే అతని తర్కం.

ఈ ఆలోచనను అతడు తన పైఅధికారి రిచర్డ్ ష్నైడర్‌కు తెలిపాడు. రోగుల మీద ఇటువంటి ప్రయోగానికి ఆయన అనుమతించలేదు. నా మీదనే చేసుకొంటానన్నా అంగీకరించలేదు. తండ్రిని కోల్పోయిన ఇంటిలో మరొక దుఃఖానికి తాను కారణం కాకూడదన్నది ఆయన భావం. ఫోర్స్‌మన్ వెనుకకు తగ్గలేదు. శస్త్రచికిత్స గదిలోని పరికరాల తాళం గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గర ఉండేది. అతడు కొన్నాళ్ళపాటు ఆమెకు తన ఊహను వివరించి ఒప్పించాడు. ఆమె తాళం ఇవ్వడమే కాదు, ప్రయోగానికి తన శరీరాన్నే ఇస్తానన్నది. అతడు సరేనన్నట్లు నటించాడు. ఆమెను బల్లపై పడుకోబెట్టి చేతులు, కాళ్ళు కట్టివేసి, ఆమె చూపునకు అందని చోట తన ఎడమ మోచేతి దగ్గర మత్తుమందు ఎక్కించుకొని, సిరను కోసి, గొట్టాన్ని లోనికి తోసుకోసాగాడు.

ఆ గొట్టం గుండె కోసం తయారైనది కాదు. మూత్రనాళంలోనికి పంపడానికి వైద్యులు వాడేది. మొత్తం 65 సెంటీమీటర్ల మేర దానిని అతడు లోనికి పంపాడు. అప్పుడు గెర్డా కట్లు విప్పి, నిజం చెప్పి, ఎక్స్‌రే నర్సును పిలిపించమన్నాడు. మోసపోయినందుకు ఆమె కోపించినా, పని సగంలో విడిచిపెట్టలేదు. చేతిలో వేలాడుతున్న గొట్టంతో అతడు నడిచి, మెట్లు దిగి, ఎక్స్‌రే గదికి చేరాడు. తెర ముందు నిలబడి, ఎదుట పట్టిన అద్దంలో తన రొమ్ము లోపలి నీడను చూసుకొన్నాడు. ఇంతలో సహవైద్యుడు పీటర్ రోమైస్ పరుగున వచ్చి గొట్టాన్ని లాగివేయబోగా, అతనిని అడ్డుకొన్నాడు. గొట్టం కొన గుండె కుడి భాగంలో ఉన్నట్లు ఎక్స్‌రే చిత్రం సాక్ష్యమిచ్చింది. గుండె ఆగలేదు. లయ తప్పలేదు. శతాబ్దాల భయం ఒక పాతికేళ్ళ యువకుని చేతి సిరలో కరిగిపోయింది.

ష్నైడర్ మొదట మందలించినా, చిత్రాన్ని చూసిన తరువాత దాని విలువ గ్రహించి ప్రచురణకు ప్రోత్సహించాడు. 1929 నవంబరులో ఒక జర్మన్ వైద్య పత్రికలో ఆ వ్యాసం వెలువడింది. పత్రికలు కొన్నాళ్ళు హడావుడి చేశాయి. వైద్యలోకం మాత్రం చిన్నచూపు చూసింది. బెర్లిన్‌లోని ప్రసిద్ధ షారిటే ఆసుపత్రిలో అతనికి జీతం లేని చిన్న కొలువు దొరికింది. అక్కడ శస్త్రచికిత్స విభాగానికి అధిపతి జగద్విఖ్యాతుడైన జావర్‌బ్రుఖ్. ఇటువంటి విద్యలు సర్కస్‌లో చూపదగినవే కాని శస్త్రచికిత్సాలయంలో కావని ఆయన ఈసడించి, అతనిని పంపివేసినట్లు చెబుతారు. మన రామమూర్తికి సర్కస్ కీర్తిని తెచ్చిపెట్టింది. ఫోర్స్‌మన్‌కు ఆ మాటే అపకీర్తి అయింది.

అతడు ఎబర్స్‌వాల్డకు తిరిగి వచ్చి పట్టుదలతో పని కొనసాగించాడు. గుండె గదులు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించాలంటే నీడనిచ్చే ద్రవాన్ని గొట్టం ద్వారా నేరుగా గుండెలోనికి పంపాలని భావించి, కుక్కలపై ప్రయోగించాడు. వాటిని తన తల్లి ఇంటిలో ఉంచి సాకేవాడు. పిమ్మట ఆ ద్రవాన్ని తన గుండెలోనికే పంపుకొన్నాడు. ఆనాటి యంత్రాలతో చిత్రం ఆశించినంత స్పష్టంగా రాలేదు. ఈ విధంగా తన సిరలలోనికి పలుమార్లు గొట్టం పంపుకొన్నా, పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరుచుకోలేదు. మైంజ్ నగరంలో పనిచేస్తున్నపుడు ఎల్స్‌బెత్ ఎంగెల్ అనే వైద్యురాలితో పరిచయమై, 1933లో వారు వివాహం చేసుకొన్నారు. క్రమంగా అతడు గుండెను విడిచి మూత్రవ్యాధుల శస్త్రచికిత్సకు మళ్ళాడు. మూత్రనాళపు గొట్టాన్ని గుండెకు మళ్ళించినవాడు చివరకు ఆ గొట్టం ఎక్కడిదో అక్కడికే చేరుకొన్నాడు.

ఈ జీవితంలో దాచకూడని మచ్చ ఒకటి ఉన్నది. 1932లో ఫోర్స్‌మన్ నాజీ పార్టీలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యునిగా పనిచేసి, చివరకు అమెరికన్ల చేతిలో బందీ అయ్యాడు. యుద్ధానంతరం ఆ పార్టీ సభ్యత్వం కారణంగా కొన్నేళ్ళు వైద్యం చేయడానికి అతనికి అనుమతి లభించలేదు. నిషేధం తొలగిన పిమ్మట బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో భార్యతో కలిసి పల్లెవైద్యునిగా జీవించి, 1950లో బాడ్ క్రాయిట్స్‌నాఖ్ అనే చిన్న పట్టణంలో మూత్రవ్యాధుల వైద్యునిగా స్థిరపడ్డాడు. తన శరీరం విషయంలో అంత నిర్భయుడైన మనిషి, తన కాలపు అధర్మం విషయంలో అంత ధైర్యం చూపలేకపోయాడు. సాహసం వేరు, వివేకం వేరు అని విద్యార్థులు ఇక్కడ గ్రహించాలి. గొప్పవాని గొప్ప పనిని గౌరవించడానికి అతని తప్పును దాచనక్కరలేదు. తప్పును చెప్పడానికి ఆ పనిని తక్కువ చేయనక్కరలేదు.

అతడు పల్లెలో మరుగున పడి ఉన్న కాలంలో, అట్లాంటిక్ సముద్రానికి ఆవల అతని వ్యాసం కొత్త జీవం పోసుకొన్నది. న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో ఆండ్రె కూర్నాన్, డికిన్‌సన్ రిచర్డ్స్ అనే వైద్యులు 1940 దశకంలో ఫోర్స్‌మన్ చూపిన దారిని క్రమబద్ధమైన శాస్త్రంగా తీర్చిదిద్దారు. గొట్టం ద్వారా గుండె గదులలోని పీడనాన్ని కొలిచారు. రక్తంలోని ప్రాణవాయువును లెక్కించారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలను, కవాటాల వ్యాధులను కచ్చితంగా నిర్ణయించడం దీనితో సాధ్యమైంది. 1956లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఈ ముగ్గురికీ కలిపి లభించింది. చిన్న పట్టణంలో రోగులను చూసుకొంటున్న ఫోర్స్‌మన్‌ను కీర్తి ఇరవై ఏడేళ్ళ తరువాత వెదుకుకొంటూ వచ్చింది. అప్పటికి గుండె వైద్యం అతనిని దాటి చాలా దూరం పోయింది. తాను తెరచిన రంగంలో తానే పరాయివాడయ్యాడు. 1958లో డ్యూసెల్‌డార్ఫ్ నగరంలోని ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగానికి అధిపతి అయ్యాడు. 1979 జూన్ 1న, ఏ అవయవానికి దారి చూపాడో ఆ గుండె జబ్బుతోనే మరణించాడు.

ఇంతటితో ఆ మనిషి కథ ముగిసింది. ఆ దారి కథ ముగియలేదు.

మన గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకొంటుంది. ఆ లయకు ఆజ్ఞ ఇచ్చేది కుడి కర్ణికలోని ఒక చిన్న కణుపు. ఆ కణుపు నీరసించినా, దాని ఆజ్ఞ కిందికి చేరే మార్గం చెడినా నాడి మందగిస్తుంది. రోగి కళ్ళు తిరిగి పడిపోతాడు. ఒక్కొక్కసారి ప్రాణమే పోతుంది. అటువంటివారికి 1958 వరం వంటి సంవత్సరం. ఆ ఏడాది అక్టోబరు 8న స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో సెనింగ్ అనే శస్త్రవైద్యుడు, ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు నిర్మించిన పేస్‌మేకర్‌ను మొదటిసారిగా ఒక రోగి శరీరంలో అమర్చాడు. రొమ్ము తెరచి, తీగలను గుండె పైపొరకు కుట్టవలసి వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌లో ఫర్మన్ అనే వైద్యుడు రొమ్ము తెరవకుండా, సిర గుండా తీగను గుండెలోనికి పంపి నాడిని నిలబెట్టాడు. ఆ తీగ నడచినది ఫోర్స్‌మన్ దారే. నేడు ప్రపంచంలో అధికభాగం పేస్‌మేకర్లకు తీగలు పోయేది ఆ దారినే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో ఏ పెద్దవారైనా విశాఖపట్టణం వెళ్ళి గుండెకు బ్యాటరీ పెట్టించుకొని వచ్చారని వింటూ ఉంటాము. జనం బ్యాటరీ అనే ఆ పరికరమే పేస్‌మేకర్. మెడ కింది ఎముకకు దిగువన చర్మం కింద అది చిన్న బిళ్ళలా తగులుతుంది. దాని నుండి బయలుదేరిన తీగ సిరలో ప్రవేశించి, మహాసిర గుండా కుడి కర్ణికకు, అక్కడి నుండి కుడి జఠరికకు పోతుంది. ఈ రెండు గదుల నడుమ ఒక ద్వారం ఉన్నది. దానికి మూడు పలుచని రేకులు. వైద్యులు దానిని అగ్రత్రయ కవాటం అంటారు. ఆ రేకులను దారాల వంటి స్నాయువులు కింది నుండి పట్టి ఉంచుతాయి. రక్తం కర్ణిక నుండి జఠరికకు దిగేటపుడు రేకులు తెరుచుకొంటాయి. జఠరిక ముడుచుకొన్నపుడు అవి దగ్గరగా చేరి, రక్తం వెనుకకు పోకుండా అడ్డుకొంటాయి. పొలంలో నీటిమదుము చేసే పని వంటిదే ఇది. తీగ ఈ ద్వారం గుండానే పోవాలి. పరీక్ష కోసం పంపిన గొట్టం పని ముగియగానే బయటికి వచ్చేస్తుంది. పేస్‌మేకర్ తీగ మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది.

మూసుకోవలసిన తలుపు నడుమ తాడు అడ్డుపడితే తలుపు సరిగా మూసుకోదు. కొందరిలో తీగ ఒక రేకును పక్కకు నొక్కి ఉంచుతుంది. కొందరిలో స్నాయువులలో చిక్కుకొంటుంది. అరుదుగా రేకును చీల్చుకొని పోతుంది. మరికొందరిలో కాలక్రమంలో తీగ చుట్టూ పీచు వంటి కణజాలం పెరిగి రేకు దానికి అతుక్కుపోతుంది. అప్పుడు జఠరిక కొట్టుకొన్న ప్రతిసారీ కొంత రక్తం వెనుకకు, కర్ణికలోనికి కారుతుంది. కారడం ఎక్కువైతే సిరలలో రక్తం నిలిచిపోతుంది. మెడ సిరలు ఉబ్బుతాయి. కాలేయం బరువెక్కుతుంది. పొట్టలో నీరు చేరుతుంది. కాళ్ళు వాస్తాయి. ఆకలి మందగిస్తుంది. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. నెలలు, ఏళ్ళు గడిచిన తరువాత మెల్లగా బయటపడుతుంది. కనుకనే ఇది ముసలితనమనో, మరొక జబ్బనో పొరబడే ప్రమాదం ఉన్నది.

ఈ పొరపాటు మన ప్రాంతంలో మరింత సులభం. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం సీమలో కారణం ఇంకా పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి ఏళ్ళ తరబడి వేలాది కుటుంబాలను బాధిస్తున్నది. కవిటి, సోంపేట, పలాస, మందస వంటి మండలాలలో కాళ్ళవాపు కనబడగానే ఎవరి మనసైనా ముందుగా మూత్రపిండాల వైపే పోతుంది. ఆ అనుమానం న్యాయమైనదే. కాని ఆ మనిషి రొమ్ము మీద పేస్‌మేకర్ ఉన్నట్లయితే, గుండె ద్వారాన్ని కూడా ఒకసారి చూడవలసి ఉంటుంది. ధ్వని తరంగాలతో గుండెను చూపే ఎకో పరీక్షలో రక్తం వెనుకకు కారడం నొప్పి లేకుండా, కోత లేకుండా తెలిసిపోతుంది. పేస్‌మేకర్ పెట్టించుకొన్న వ్యక్తి ఆ విషయాన్ని తెలిపే కార్డును ప్రతి వైద్యునికీ చూపడం, నిర్ణీత కాలంలో పరీక్షకు వెళ్ళడం ఎంతో అవసరం.

ఉద్దానానికి, ఫోర్స్‌మన్‌కు మరొక బంధం కూడా ఉన్నది. రక్తశుద్ధి వెంటనే చేయవలసిన మూత్రపిండాల రోగులకు వైద్యులు మెడ సిర గుండా ఒక గొట్టాన్ని పంపుతారు. దాని కొన కుడి కర్ణిక దగ్గర ఆగుతుంది. అదీ అతడు వేసిన దారే. మూత్రవ్యాధుల వైద్యునిగా బతికిన ఆ మనిషి గుండెకు వేసిన బాట, ఈనాడు మూత్రపిండాలు చెడినవారికి ఆసరా అవుతున్నది. అయితే ఇటువంటి గొట్టాల వలన సిరలు సన్నబడవచ్చు, సూక్ష్మజీవులు రక్తంలో చేరవచ్చు. అవి పేస్‌మేకర్ తీగ మీద, కవాటపు రేకుల మీద గూడు కట్టుకొంటే చలితో కూడిన జ్వరం వస్తుంది. అది ప్రాణాంతకమైన స్థితి. వారాల తరబడి మందులు ఇవ్వవలసి ఉంటుంది. సాధారణంగా పేస్‌మేకర్‌ను తీగలతో సహా తొలగించవలసి వస్తుంది. ఏళ్ళనాటి తీగను తొలగించడం నేర్పరులకే సాధ్యం. ఏమరుపాటున లాగితే అతుక్కొన్న రేకు దానితోపాటు చిరిగిపోవచ్చు. కనుకనే రక్తశుద్ధి పొందే రోగులకు పేస్‌మేకర్ కావలసి వచ్చినపుడు వైద్యులు సిరల దారిని విడిచి, గుండె పైపొరకు తీగను కుట్టడమో, తీగ లేని పరికరాన్ని అమర్చడమో మంచిదేమోనని ఆలోచిస్తారు.

తీగ లేని పేస్‌మేకర్ ఈ శతాబ్దపు కొత్త ప్రయత్నం. మందుగొట్టం ఆకారంలో ఉండే ఆ చిన్న పరికరాన్ని తొడ సిర గుండా కుడి జఠరికలోనికి పంపి అక్కడే వదలివేస్తారు. అది కూడా కవాటపు ద్వారం గుండానే లోనికి పోతుంది. కాని వెనుక తాడును మిగల్చదు. 2013 నాటికి ఇటువంటి పరికరాలను మనుషులలో అమర్చడం మొదలైంది. ఇవి ప్రతి రోగికీ సరిపడవు. ఖర్చు కూడా అధికం. అందువలన తీగ ఉన్న పేస్‌మేకర్ల అవసరం తీరిపోలేదు. వాటిని చూసి భయపడవలసిన పని కూడా లేదు. పేస్‌మేకర్ ఉన్నవారిలో చాలామంది ఏ కవాట బాధా లేకుండా దీర్ఘకాలం జీవిస్తున్నారు. నాడి ఆగిపోయే మనిషికి అది ప్రాణదాత. అపాయం ఉన్నదని పరికరాన్ని కాదనడం అవివేకం. పరికరం ఉన్నది కదా అని పరీక్ష మానివేయడం అజాగ్రత్త.

ఫోర్స్‌మన్ జీవితం మనకు బోధించేది ఇదే. దారి వేసేవానికి సాహసం కావాలి. ఆ సాహసం కూడా నీతికి లోబడి ఉండాలి. నమ్మి వచ్చిన గెర్డాను బల్లకు కట్టివేసి, పైఅధికారి మాట తోసిపుచ్చి చేసిన ఆ ప్రయోగాన్ని నేటి వైద్యనీతి అంగీకరించదు. ఈనాడు తన శరీరం మీద చేసుకొనే ప్రయోగమైనా నీతి సంఘం పరిశీలనకు రావలసిందే. అయినా ఇతరుల ప్రాణాలను పణంగా పెట్టకుండా తన ప్రాణాన్నే పెట్టిన అతని నిజాయితీ మాత్రం గౌరవింపదగినది. దారి పడిన తరువాత కావలసింది సాహసం కాదు, కాపలా. మనుషుల గుండెలలో మనం విడిచి వచ్చిన ప్రతి తీగకూ మనం జవాబుదారులం. ఆ కాపలా వైద్యునిది, రోగిది, రోగిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయే మనవడిది, మనవరాలిది కూడా. మీ ఇంటిలో తాతగారికో, నాయనమ్మకో రొమ్ము మీద ఆ చిన్న బిళ్ళ తగిలినపుడు, వారి కాళ్ళ వైపు కూడా ఒకసారి చూడండి. వాపు ఉంటే వయసు అని వదిలివేయకండి. ఒక మనిషి తన చేతిని కోసుకొని తెరచిన ద్వారం, మన ఏమరుపాటు వలన సరిగా మూసుకోని ద్వారం కాకూడదు.

కఠిన పదాలకు అర్థాలు

కవాటం = తలుపు; గుండెలో రక్తం వెనుకకు పోకుండా అడ్డుకొనే రేకుల అమరిక
కర్ణిక = గుండె పై గది
జఠరిక = గుండె కింది గది
సిర = శరీరభాగాల నుండి రక్తాన్ని గుండెకు చేర్చే నాళం
స్నాయువు = పీచు వంటి గట్టి దారం
పీడనం = ఒత్తిడి
ఈసడించు = చిన్నచూపు చూచు
ఏమరుపాటు = అజాగ్రత్త
మదుము = చెరువు, కాలువల నుండి నీటిని వదలడానికి, ఆపడానికి ఉన్న ద్వారం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఫోర్స్‌మన్ తన గుండెలోనికి గొట్టం పంపుకొన్న ప్రయోగాన్ని వివరించండి.
2. పేస్‌మేకర్ తీగ వలన గుండె కవాటానికి కలిగే బాధలను, తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కోడి రామమూర్తి సాహసానికి, ఫోర్స్‌మన్ సాహసానికి గల భేదం ఏమిటి?
2. ఫోర్స్‌మన్ జీవితంలోని మచ్చ ఏది? దాని నుండి గ్రహించవలసినది ఏమిటి?
3. ఉద్దానం ప్రాంతంలో కాళ్ళవాపు విషయంలో పొరబడే అవకాశం ఎందుకు ఎక్కువ?
4. తీగ లేని పేస్‌మేకర్ ప్రత్యేకత ఏమిటి?

ఇ) సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
యుద్ధానంతరం = యుద్ధ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి

ఈ) సమాసాలు
యుద్ధరంగం = యుద్ధం యొక్క రంగం – షష్ఠీ తత్పురుష సమాసం
కష్టసుఖాలు = కష్టమును, సుఖమును – ద్వంద్వ సమాసం